కొత్త ఊరికి ఏరు ఎంత దూరం?



ప్రాజెక్టు కోసమనో, పులుల కోసమనో ఊరు ఖాళీ చెయ్యమని అధికారులు వచ్చినప్పుడు మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎంత ఇస్తారు?" అని. రెండో ప్రశ్న "ఇల్లు ఎట్లా కడతారు?" అని. రెండూ అడగాల్సినవే, తప్పు లేదు. కానీ మన తాత ముత్తాతలు ఊరు మారినప్పుడల్లా అన్నిటికన్నా ముందు అడిగిన మాట ఒకటుంది. ఇప్పుడు దాన్ని ఎవరూ నోరు తెరిచి అడగడం లేదు. అక్కడి నుంచి ఏరు ఎంత దూరం? అడవి ఎంత దూరం?

ముందే ఒక మాట స్పష్టంగా చెప్పుకుందాం. ఊరు వదలకుండా ఉండటం మన మొదటి హక్కు. 2006 అటవీ హక్కుల చట్టం అయినా, 1996 పెసా అయినా, 2013 భూసేకరణ చట్టం అయినా, గ్రామసభను పక్కన పెట్టి మనల్ని కదిలించడానికి వీల్లేదనే చెబుతాయి. 2013లో ఒడిశాలో నియమగిరి కొండల మీద 12 గ్రామసభలు ఒకదాని తర్వాత ఒకటి గనులు వద్దని తీర్మానం చేశాయి, గనులు ఆగాయి. ఆ దారి మనకు ఎప్పుడూ ఉంది. ఈ వ్యాసం ఆ దారిని వదిలెయ్యమని చెప్పడానికి కాదు. పోలవరం ముంపు మండలాల్లో అయినా, నల్లమల, కవ్వాల్ కోర్ ఏరియాల్లో అయినా ఈరోజు ఎన్నో ఇళ్లలో "పోతే ఎక్కడికి పోదాం?" అనే చర్చ నడుస్తున్నది. ఆ చర్చలో కూర్చున్న నీ కోసం ఇది.

పాత పద్ధతి ఏమిటి?

కొండరెడ్ల ఊళ్లు పోడుతో పాటు కదిలేవి. కొన్నేళ్లు ఒక వాలు కొట్టుకుని సాగు చేసి, నేల అలిసిపోతే దాన్ని విడిచి ఇంకో వాలుకు పోయేవాళ్లు. చెంచుల పెంటలు కూడా నీళ్లను బట్టి, దుంపను బట్టి, తేనెను బట్టి జరిగేవి. అయితే ఇష్టం వచ్చిన చోటికి పోవడం కాదు. ఈ అడవి ఈ పెంట వాళ్లది, ఆ వాగు అవతలిది ఆ పెంట వాళ్లది అని హద్దులుండేవి. కాగితం మీద లేకపోయినా అందరికీ తెలుసు. 1940లలో హైమెన్‌డార్ఫ్ చెంచుల మీద, కొండరెడ్ల మీద రాసిన పుస్తకాల్లో ఈ సంగతులు వివరంగా ఉన్నాయి.

చోటు చూడ్డానికి పోయిన పెద్దలు ఏం చూసేవాళ్లు? ఎండాకాలం చివర కూడా ఊట ఆగని నీళ్లు ఉన్నాయా అని ముందు చూసేవాళ్లు. వాన పడితే వాగులోకి చేప ఎక్కుతుందా, జీలుగు చెట్లు, ఇప్ప, చింత, మామిడి ఉన్నాయా అని చూసేవాళ్లు. గింజలు అయిపోయిన నెలల్లో కొండరెడ్ల ఇంట్లో జీలుగు పిండి, మామిడి టెంకల జావ ప్రాణం నిలబెట్టేవి. దుంప తవ్వడానికి ఆడవాళ్లు పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రాగలరా, జంతువులు నీళ్లకు వచ్చే దారి ఎటు, మన గొడ్లకు మేత ఎటు అని లెక్క కట్టేవాళ్లు. అన్నీ కుదిరితే అప్పుడు గుడిసె.

అంటే వాళ్లు ఇంటిని చూడలేదు. ఇంటి చుట్టూ ఉన్న బతుకును చూశారు. కాలనీ లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ఇల్లు ఉంటుంది, రోడ్డు ఉంటుంది, స్తంభం ఉంటుంది, లైటు ఉంటుంది. చుట్టూ మాత్రం వేరేవాళ్ల పొలాలు ఉంటాయి.

2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మంటల నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలను గుర్తు తెచ్చుకో. వాళ్లకు ప్యాకేజీ లేదు, కాలనీ లేదు, చోటు చూపించే ఆఫీసరు లేడు. ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని గోదావరి దాటి వచ్చి కూడా ఎక్కడ ఆగారు? వాగు పక్కన, అడవి అంచున. మనవాళ్ల ఎంపిక మనవాళ్ల చేతిలో ఉంటే కాళ్లు ఎటు పోతాయో దీన్నిబట్టి అర్థం చేసుకో.

ఏరు ఇచ్చేదాన్ని ఎవరూ లెక్కలో రాయరు

సర్వేకు వచ్చినవాళ్లు ఇల్లు కొలుస్తారు, పొలం కొలుస్తారు, చెట్లు లెక్కపెడతారు. చేపను ఏ కాలంలో రాస్తారు?

గోదావరి ఒడ్డున, శబరి ఒడ్డున ఉన్న మన ఊళ్లలో ఏటికి పోని ఇల్లు అరుదు. వానలు మొదలై ఎర్రనీరు వచ్చినప్పుడు వాగుల్లోకి ఎదురెక్కే చేపకు వెదురు మావులు పెడతాం. నీళ్లు తగ్గాక మడుగుల్లో వల వేస్తాం. ఎండాకాలంలో పిల్లలు రాళ్ల కింద చేతులు పెట్టి పరిగెలు, పీతలు పట్టుకొస్తారు. వాలుగ, జెల్ల, బొచ్చె, కొరమీను దొరికితే కొంత వండుకుంటాం, కొంత ఎండబెడతాం, ఎక్కువైతే సంతకు పోతుంది. దీనికి పట్టా లేదు, పాస్‌బుక్ లేదు. ఏ రసీదూ లేని ఈ కూర కాలనీకి పోయిన వారంలోనే ఆగిపోతుంది. ఆ రోజు నుంచి కూరకు డబ్బు కావాలి. డబ్బుకు కూలి కావాలి. ఆ కూలి ఇచ్చేవాడు కాలనీ పక్క పొలం ఆసామి.

ఇంట్లో ముసలమ్మను అడుగు. కాలనీకి పోయాక ఏం పోయిందని అడిగితే పొలం మాటకన్నా ముందు "కూర లేదు బిడ్డా" అంటుంది. ప్యాకేజీలో ఆ కూరకు గడి లేదు.

చట్టంలో ఒక హక్కు ఉంది, అందులో ఒక మెలిక ఉంది

చాలామందికి తెలియని సంగతి ఇది. 2013 భూసేకరణ చట్టం సెక్షన్ 41లో ఒక నిబంధన ఉంది. ముంపు ప్రాంతంలో ఏరు మీద, చెరువు మీద చేపలు పట్టే హక్కు ఉన్న ఆదివాసులకు, దళితులకు, అటవీ వాసులకు ఆ సాగునీటి లేక జలవిద్యుత్ ప్రాజెక్టు రిజర్వాయర్‌లో చేపలు పట్టే హక్కు ఇవ్వాలి. ఇస్తే ఇవ్వొచ్చు అని కాదు, ఇవ్వాలి అని ఉంది. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)లో కూడా చేపలు, ఇతర జల ఉత్పత్తుల మీద సామూహిక హక్కును గుర్తించారు.

మరి మెలిక ఎక్కడ? రిజర్వాయర్ మన పాత ఊరి మీద ఉంటుంది. మన కొత్త ఇల్లు దానికి దూరంగా, గోకవరం వైపో జంగారెడ్డిగూడెం వైపో ఉంటుంది. చేప పట్టే హక్కు ఒక చోట, చేప పట్టే మనిషి ఇంకో చోట. రాత్రి వల వేసి తెల్లారుజామున తియ్యాల్సిన పని, బస్సెక్కి పోయి చేసే పని కాదు. అందుకని కాగితం మీద హక్కు మనదే ఉంటుంది, చేప మాత్రం పెద్ద పడవలు, పెద్ద వలలు, ఐస్ పెట్టెలు ఉన్నవాడికి పోతుంది. మనం కాంట్రాక్టర్ దగ్గర కూలికి వల లాగుతాం.

ఇంకొకటి. ఏరు వేరు, రిజర్వాయర్ వేరు. పారే నీళ్లలో మావు పెట్టే చెయ్యి నిలవనీళ్ల లోతులో పనికిరాదు. దానికి పడవ కావాలి, లోతు వలలు కావాలి, సొసైటీ కావాలి, చేప అమ్మే దారి కావాలి. ఇవన్నీ పునరావాసంలో భాగంగా ముందే అడగకపోతే తర్వాత అడిగినా ఇచ్చేవాడు ఉండడు.

కాబట్టి చోటు ఎంపిక అంటే ఇంటి స్థలం ఎంపిక ఒక్కటే కాదు. ఏ చోటు ఎంచుకుంటే చట్టం ఇచ్చిన హక్కు బతుకుతుందో, ఏ చోటు ఎంచుకుంటే అది కాగితంలోనే చస్తుందో అక్కడే తేలిపోతుంది. రిజర్వాయర్ ఒడ్డుకు దగ్గరగా, ముంపు గీతకు పైన, అదే ఏజెన్సీలో చోటు అడగడం మన గొంతెమ్మ కోరిక కాదు. అదే సెక్షన్ 41 ఇంకో మాట కూడా చెబుతుంది. ఆదివాసీ కుటుంబాలను వీలైనంతవరకు అదే షెడ్యూల్డ్ ప్రాంతంలో, అందరినీ ఒక్కచోటే ఉంచాలి, వాళ్ల భాష, సంస్కృతి, గుర్తింపు నిలబడేలా ఉంచాలి. ఊరిని ముక్కలు చేసి మూడు కాలనీల్లో పంచితే "సెక్షన్ 41 చదివారా సారూ?" అని అడిగే మనిషివి నువ్వే కావాలి.

వేట సంగతి దాచకుండా మాట్లాడుకుందాం

మన ఊళ్లలో వేట పండగ. విత్తనం పండగ రోజుల్లో కోయ మగవాళ్లు వేటకు పోతారు. విశాఖ మన్యంలో చైత్రమాసం ఇటుకల పండగకు వేటకు పోయినవాళ్లు ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టి నవ్వుతారు. ఇది మన సంబరం, మన సిగ్గు, మన పౌరుషం.

కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అటవీ హక్కుల చట్టం రాసేటప్పుడు కూడా సంప్రదాయ హక్కులన్నిటినీ ఒప్పుకుంటూనే, వేట, ఉచ్చులు వేయడం మాత్రం ఇందులో రావని విడిగా రాశారు. దీని మీద మనకు కోపం ఉండొచ్చు. అడవిని వేల ఎకరాలు ముంచినవాడికి అనుమతి పత్రం దొరుకుతుంది, అడవిపంది కూర దొరికిన ఇంటికి కేసు దొరుకుతుంది. ఆ అన్యాయం మీద రాజకీయంగా కొట్లాడాలి. అయితే "అక్కడ జంతువు బాగా దొరుకుతుందట, అక్కడికి పోదాం" అనే మాట మీద మాత్రం ఊరు కదిలించకు. దాని మీద కట్టిన బతుకు ఒక్క కేసుతో కూలుతుంది. జైలు పాలయ్యేది మనవాడు, బెయిలుకు అమ్ముడుపోయేది ఇంట్లో మేకలు.

మరి అడవి ఎందుకు? అసలు అడవి మనకు పెట్టిన తిండిలో మాంసం ఎప్పుడూ చిన్న వంతే. చెంచుల మీద రాసినవాళ్లు కూడా వాళ్ల కడుపు నింపింది బాణం కన్నా గడ్డపార అనే రాశారు. గడ్డపార అంటే దుంప. దుంప, తేనె, ఇప్పపువ్వు, తునికాకు, చింతపండు, వెదురు కొమ్ము, అడ్డాకు, కొండచీపురు, కుంకుళ్లు. చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు చట్టంలో నిండుగా ఉంది. 2013 చట్టం మూడో షెడ్యూల్‌లో కూడా అడవిలో బతికే కుటుంబాలకు కొత్త చోటు దగ్గర అడవి ఉంటే వీలైనంతవరకు అక్కడ ఈ హక్కులు ఇవ్వాలని ఉంది. పాత ఊరి దగ్గర మిగిలిన అడవికి పోయి రాగలిగితే ఆ పాత హక్కు కూడా కొనసాగాలని ఉంది. వేట పండగకు ఊరంతా కలిసి నడిచే దారి, ఊరి దేవత ఉండే చెట్టు, విల్లు పట్టడం నేర్పే మైదానం కూడా కొత్త చోట కావాలి. పండగ నడవాలంటే దానికో నేల ఉండాలి కదా.

"అన్నా, మాకు రోడ్డు కావాలి" అనేవాళ్లకు

ఈ మాట అనే చెల్లెలిని తప్పు పట్టడానికి లేదు. పురిటి నొప్పులతో డోలీలో మోసుకుపోయిన మనిషి దారిలోనే పోయిన ఊళ్లు మనకు తెలుసు. డిగ్రీ చదివిన పిల్లకు సిగ్నల్ కోసం కొండెక్కడం ఎంత విసుగో తెలుసు. వరద భయం కూడా నిజమే. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు కూనవరం, వీఆర్ పురం, వేలేరుపాడు వైపు ఊళ్లు పడ్డ పాట్లు చూశాం. "ఇంక ఈ ఒడ్డున ఉండలేం" అన్న తల్లి మాటకు జవాబు లేదు.

కాబట్టి ఇది రోడ్డు కావాలా, ఏరు కావాలా అనే పోటీ కాదు. అట్లా చూపిస్తున్నది వాళ్లు. ఒక ఊరికి రోడ్డు, ఆసుపత్రి, బడి, ఏరు, అడవి అన్నీ దగ్గరగా ఉండకూడదని ఏ చట్టంలో రాశారు? ఏజెన్సీలోనే, ఎత్తు మీద, తారురోడ్డు పక్కన, వాగుకు దగ్గరగా చోటు వెతకమని అడగడానికి మనకు నోరు కావాలి, వాళ్లకు మనసు కావాలి. మైదానంలో సర్కారు భూమి తేలిగ్గా దొరికింది కాబట్టి అక్కడికి పొమ్మంటే, అది వాళ్ల తేలిక. మన అవసరం కాదు.

ఏజెన్సీ దాటితే ఏమవుతుందో కూడా యువతకు తెలియాలి. 1/70 చట్టం కాపాడేది షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమిని. పెసా గ్రామసభ ఉండేది షెడ్యూల్డ్ ప్రాంతంలో. బయటికి పోయినా 2013 చట్టం కింద మనకున్న రక్షణలు, ప్రయోజనాలు మన వెంట రావాలని సెక్షన్ 42 చెబుతుంది. జిల్లా దాటిస్తే 25 శాతం అదనంగా, ఇంకో 50,000 రూపాయలు ఒక్కసారి ఇవ్వాలని సెక్షన్ 41 చెబుతుంది. ఆ 50,000 రూపాయలు మన గ్రామసభకు, మన భూమికి ఖరీదు అని ఎవరైనా అనుకుంటే, ఆ ఖరీదు మనం ఒప్పుకోలేదని చెప్పాలి.

డబ్బా, నేలా?

టైగర్ రిజర్వ్ కోర్ ఏరియా నుంచి తమంతట తాము వెళ్లే కుటుంబానికి ఇచ్చే ప్యాకేజీని 2021లో 10 లక్షల నుంచి 15 లక్షలకు పెంచారు. మొత్తం డబ్బు తీసుకోవడం ఒక దారి, ఇల్లు, భూమితో పునరావాసం రెండో దారి. 15 లక్షలు వినడానికి పెద్ద మాట. అయితే డబ్బు ఒక్కో ఇంటికి వస్తుంది, ఊరికి రాదు. డబ్బు తీసుకుని తలో దిక్కు పోయిన ఊరికి మళ్లీ గ్రామసభ ఉండదు, పండగ ఉండదు, గొడవ పడితే తీర్చే పెద్ద ఉండడు. బండి, ఫోను, పెళ్లి, అప్పు, ఆసుపత్రి అయ్యాక మిగిలేది ఎంతో లెక్క వేసుకో. నేల మీద, నీళ్ల మీద హక్కు మాత్రం మనవడి దాకా ఉంటుంది. డబ్బు వద్దని చెప్పడం లేదు. నేల, ఊరు, హక్కు తేలాక డబ్బు మాట్లాడదాం అంటున్నాం.

చోటు చూడ్డానికి పోయేటప్పుడు

ఒక్కరోజు జీపులో తీసుకుపోయి, భోజనం పెట్టి, ఫోటో తీసి, సంతకం అడిగితే పెట్టకండి. మన పెద్దల పద్ధతిలోనే చూద్దాం.

1. రెండుసార్లు చూడాలి. ఒకసారి రోహిణి కార్తె ఎండలో, ఇంకోసారి ముసురు వానలో. ఎండలో నీళ్లు ఉన్నాయా, వానలో ఊరు మునుగుతుందా అనేది అప్పుడే తెలుస్తుంది.

2. చూడ్డానికి పోయే గుంపులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. నీళ్లు, కట్టెలు, దుంప, కూర ఎంత దూరమో వాళ్ల కాళ్లకు తెలుసు. చేపలు పట్టేవాళ్లు ఇద్దరు, మందు మొక్కలు తెలిసినవాళ్లు ఒకరు తప్పకుండా ఉండాలి.

3. వాగుకు, చెరువుకు, అడవికి నడిచి పోయి రండి. ఎంతసేపు పట్టిందో రాసుకోండి. మ్యాపులో దూరం వేరు, నెత్తిన మోపుతో దూరం వేరు.

4. ఆ చెరువు ఎవరి చేతిలో ఉంది, లీజు ఎవరికి ఉంది, ఆ అడవి మీద ముందు నుంచి ఎవరికి హక్కు ఉంది అని అక్కడి ఊరివాళ్లనే అడగండి. అక్కడ ఉన్నది కూడా మనలాంటి పేదలే అయితే వాళ్ల నోటి కూడు మనకు పంచి పెడుతున్నారేమో చూసుకోండి. ఆ తగవు రేపు మన పిల్లల మధ్య వస్తుంది.

5. ఇచ్చే భూమి ఏజెన్సీలో ఉందా లేదా, ఎవరి పేరు మీద ఉంది, కోర్టు కేసు ఉందా అని చూడండి.

6. శ్మశానానికి చోటు, దేవతకు చోటు, గొడ్లకు మేత చోటు కాగితం మీద కాదు, నేల మీద చూపించమనండి.

7. ముందే కాలనీకి పోయినవాళ్ల ఇళ్లలో ఒక రాత్రి ఉండండి. వాళ్లు ఏం తింటున్నారో, ఎవరి పొలంలో కూలికి పోతున్నారో చూడండి.

ఊరు కదలకముందే చెయ్యాల్సిన కాగితం పని

అడవి మీద, ఏరు మీద సామూహిక హక్కుల దరఖాస్తు ఇంకా పెట్టకపోతే ఈ నెలలోనే పెట్టండి. ఫారం బి, ఫారం సి. చేపలు పట్టే మడుగుల పేర్లు, వాగుల పేర్లు, దుంప తవ్వే కొండల పేర్లు అన్నీ పెద్దల నోటి నుంచి రాయించి మ్యాపులో పెట్టండి. ఎందుకంటే అటవీ హక్కుల చట్టం కింద తేలిన సామూహిక హక్కుకు నిర్వాసితులకు విలువ కట్టి చెల్లించాలని సెక్షన్ 42 చెబుతుంది. తేలని హక్కుకు ఎవరూ ఏమీ కట్టరు. ఈ పని చదువుకున్న నువ్వు చెయ్యాలి. ఊళ్లో ఇంకెవరూ చెయ్యలేరు.

పులుల అభయారణ్యాల్లో అయితే అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(2) చదువుకో. హక్కులు గుర్తించడం పూర్తి కావాలి. కొత్త చోటుకు, ప్యాకేజీకి గ్రామసభ స్వేచ్ఛగా, అన్నీ తెలిసి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్త చోట సదుపాయాలు, భూమి ఇవ్వడం పూర్తి అయ్యేదాకా ఎవరినీ కదిలించకూడదు. సాగునీటి ప్రాజెక్టుల్లో అయితే ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం చెబుతుంది. దేవీపట్నం మండలంలో 2019 నుంచి కాఫర్ డ్యాం వెనక వరద ముందు వచ్చింది, సామాన్లు తర్వాత కదిలాయి. అందుకే తేదీలు తీర్మానంలో రాయించాలి.

గ్రామసభలో సగం మంది లేకపోతే అది గ్రామసభే కాదు. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అటవీ హక్కుల నియమాల్లో ఉన్న లెక్క ఇది. తెల్ల కాగితం మీద సంతకాలు వద్దు. తీర్మానం గట్టిగా చదివి వినిపించాలి, కోయభాషలో, కొండరెడ్ల మాటలో, చెంచు పెద్దకు అర్థమయ్యే మాటలో వినిపించాలి. అందులో చేపలు పట్టే హక్కు ఏ నీళ్లలో, పడవలు, వలలు ఎన్ని, సొసైటీ ఎవరిది, అడవికి పోయే దారి ఏది అనే మాటలు ఒక్కొక్కటిగా ఉండాలి. తీర్మానం కాపీ ఫోనులో ఫోటో తీసి పెట్టుకో, నలుగురికి పంపు.

వచ్చే వారం మీ ఊళ్లో నలుగురు కూర్చున్నప్పుడు ప్యాకేజీ మాట వస్తే, ఎంత ఇస్తారనే మాటతో పాటు ఈ మాట కూడా పెట్టు. కొత్త ఊరికి ఏరు ఎంత దూరం? జవాబు చెప్పలేని ఆఫీసరు చూపించే చోటు మన ఊరు కాదు.

మావ నాటే మావ రాజ్యం.